తంగేడు పెరట్లోనూ పూస్తుంది

సంపాదకులకు నమస్కారం.

బతుకమ్మ పండుగ మొదలయ్యే అమావాస్య, అంటే పెత్రమాస దగ్గరపడగానే నగరంలో ప్రతి చౌరస్తాలో తంగేడు కట్టలు దిగుతాయి. ఒక్క పువ్వునే తెంపితే బజారుకు చేరేలోగా వాడిపోతుంది కాబట్టి గుట్టల మీద, చెరువు గట్ల మీద మూరెడు కొమ్మతో సహా విరిచి తెస్తారు. కత్తితో కోసిన కొమ్మ మళ్లీ చిగురిస్తుంది గానీ, చేత్తో లాగి విరిచిన చోట బెరడు చీలి పొద సగం ఎండిపోతుంది. ఊరి చివర తంగేడు పెరిగిన చెలకల్లో ఇప్పుడు ప్లాట్ల హద్దురాళ్లు ఉన్నాయి. అందుకని ఏటేటా ఇంకొంచెం దూరం పోవాలి, ఉన్నవాటినే ఇంకొంచెం ఎక్కువ విరవాలి. 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పంగా ప్రకటించుకున్న పువ్వు ఇది. మన ఇళ్ల ముందు చూస్తే పచ్చటి పూల కోసం నాటినవి అలమండ, టెకోమా, పచ్చగన్నేరు. మూడూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే.

తంగేడు అడవి మొక్క, ఇంట్లో బతకదు అని చాలామంది అంటారు. నాటి చూసిన వాళ్లే అంటారు కాబట్టి ఆ మాటను కొట్టిపారేయలేం. అయితే ఇంట్లో నాటిన తంగేడు చచ్చిపోయిందంటే కారణం దాదాపుగా రెండింట్లో ఒకటి. గుట్ట మీది మొక్కను గడ్డపారతో పెకిలించి తెచ్చి నాటి ఉంటారు, లేదా గులాబీకి పోసినట్టు రోజూ నీళ్లు పోసి ఉంటారు. మొదటి పనితో తల్లివేరు తెగుతుంది. జానెడు మొక్కకే వేరు అంతకు రెండు మూడింతలు లోతుకు దిగి ఉంటుంది, అది తెగాక పక్కవేర్లతో కోలుకునే ఓపిక తంగేడుకు చాలా తక్కువ. రెండో దాని సంగతి కింద చెబుతాను.

ముందు విత్తనం. సెప్టెంబరు నుంచి పూసిన పూలు కాయలై, చలికాలం చివరికి ఎండుతాయి. కాయ వేలెడు పొడుగు, కాగితంలా పలచన, లోపల గింజ ఉన్నచోటల్లా ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. ఒక కాయలో పది నుంచి ఇరవై గింజలుంటాయి. కాయ గోధుమరంగుకు తిరిగి, ఊపితే గలగలలాడే వరకు ఆగాలి. పచ్చికాయ తెంపి ఎండబెడితే గింజ ముడుచుకుపోతుంది. ఒలిచాక చిన్న రంధ్రాలున్న గింజలను తీసి పారేయండి, వాటిని పుచ్చుపురుగు తొలిచేసి ఉంటుంది. మిగిలినవాటిని బూడిదతోనో ఎండు వేపాకుతోనో కలిపి సీసాలో పెడితే నాటే దాకా బాగుంటాయి.

కోసే ముందు అది తంగేడేనా అని చూసుకోవడం మంచిది. పచ్చగా పూసే దాని చుట్టాలు చాలా ఉన్నాయి: కసివింద, రోడ్ల పక్కన చెట్టుగా పెరిగే సీమ తంగేడు, నేల తంగేడు. గుర్తుపట్టడానికి పువ్వు కన్నా ఆకు మొదలు మేలు. ఆకుకాడ కొమ్మకు అతుక్కునే చోట రెండు పక్కలా చెవుల్లాంటి చిన్న ఆకులు ఉంటాయి, అవి రాలిపోకుండా నిలిచే ఉంటాయి. సెన్నా ఆరిక్యులేటా అనే శాస్త్రనామంలో రెండో మాటకు మూలం ఆ చెవే. నర్సరీలో తంగేడు అని చెప్పి ఏ మొక్క చేతిలో పెట్టినా ఆ చెవులు వెతకండి. కనిపించకపోతే డబ్బు ఇవ్వకండి.

తంగేడు గింజను ఊరికే మట్టిలో వేస్తే నెలల తరబడి అలాగే ఉంటుంది. పైపొట్టు అంత గట్టిది, నీరు లోపలికి పోదు. అడవిలో ఎండకు, వానకు, రాళ్ల ఒరిపిడికి నెమ్మదిగా పగులుతుంది. ఇంట్లో ఆ పని మనమే చేయాలి. గింజల కొలతకు పదింతలు నీళ్లు మరిగించి, పొయ్యి ఆపి, రెండు నిమిషాలు ఆగి గింజలు అందులో వేసి తెల్లారేదాకా వదిలేయండి. పొయ్యి మీద ఉండగానే వేస్తే లోపలి మొలక ఉడికిపోతుంది, ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే. పొద్దున చూస్తే కొన్ని గింజలు రెండింతలు ఉబ్బి ఉంటాయి, వాటిని ఆరనివ్వకుండా అప్పుడే విత్తాలి. ఉబ్బని వాటిని మళ్లీ వేడినీళ్లలో వేయొచ్చు, లేదా ఒక్కొక్కటిగా గరుకు కాగితం మీద లోపలి తెలుపు కనబడేదాకా రుద్దొచ్చు. పది పన్నెండు గింజలే అయితే గోళ్లు కత్తిరించే కట్టర్‌తో అంచు మీద చిన్న గాటు పెట్టడం అన్నిటికన్నా తేలిక. కాయకు అంటుకుని ఉన్న వైపు మాత్రం గాటు పెట్టొద్దు, మొలక అటే ఉంటుంది.

ఆరు అంగుళాల వెడల్పు, తొమ్మిది అంగుళాల ఎత్తున్న పాలిథిన్ సంచులు సరిపోతాయి. ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు అర పాలు కలిపి నింపండి. కొబ్బరి పొట్టు వద్దు. అది తడిని పట్టి ఉంచడం మిగతా మొక్కలకు మేలే గానీ తంగేడు మొలక మొదట్లోనే కుళ్లి పడిపోతుంది. సంచికి రెండు గింజలు, అర అంగుళం లోతు. వారం నుంచి రెండు వారాల్లో మొలుస్తాయి. రెండూ మొలిస్తే బలహీనమైనదాన్ని కత్తెరతో కోసేయాలి. పీకితే పక్కదాని వేరు కదులుతుంది. రెండాకులు రాగానే ఎండలో పెట్టాలి. నీడలో ఉంచినవి సన్నగా సాగి, నాటాక గాలికి వంగిపోతాయి. నీళ్లు పొద్దున మాత్రమే పోయాలి, సాయంత్రం పోస్తే రాత్రంతా తడి నిలుస్తుంది. అయినా మొదళ్లు గోధుమరంగు తిరిగి మొక్కలు వాలుతుంటే లీటరు నీటికి మూడు గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదట్లో పోసి, నాలుగైదు రోజులు నీళ్లు ఆపండి.

సంచిలో మూడు నెలలు దాటకూడదు. తల్లివేరు అడుగుకు చేరి గుండ్రంగా చుట్టుకుంటుంది. నాటాక కూడా ఆ చుట్టు విప్పుకోదు. రెండో ఏడో మూడో ఏడో పొద నిండుగా పూసిన రోజుల్లో ఒక గాలివాన వస్తే మొదలంటా ఒరుగుతుంది. నర్సరీలో కొనేటప్పుడు పొడుగాటి మొక్కకు ఎక్కువ ధర చెప్తారు. నా సలహా అడిగితే మోకాలి ఎత్తుకు మించినది ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. ఇంట్లో పెంచేవాళ్లు సంచులను పదిహేను రోజులకోసారి జరుపుతుండాలి, లేదంటే వేరు కింది రంధ్రంలోంచి నేలలోకి దిగి, ఎత్తినప్పుడు పుటుక్కున తెగుతుంది.

మృగశిర వానలు పడ్డాక నాటాలి. రోజుకు కనీసం ఆరు గంటలు నేరుగా ఎండ తగిలే చోటు కావాలి, ఇందులో రాజీ లేదు. మామిడి నీడలో నాటిన తంగేడు ఆకులే చూపిస్తుంది. గుంత ఒకటిన్నర అడుగుల లోతు, అంతే వెడల్పు. తవ్వగానే దాన్ని నీళ్లతో నింపి మరునాడు చూడండి. నీరు ఇంకా నిలిచే ఉంటే ఆ చోటు పనికిరాదు. కొత్త ఇళ్ల దగ్గర ఇది మామూలే. కట్టేటప్పుడు పారబోసిన సిమెంటు, ఇటుక ముక్కలు అడుగు లోతున పెంకులా గట్టిపడి ఉంటాయి. ఆ పెంకును గడ్డపారతో పగలగొడితే చాలు, ఆ మట్టిలో ఉండే సున్నపు గుణాన్ని తంగేడు తట్టుకుంటుంది. గులాబీ, మందారం పాలిపోయే చోట కూడా ఇది ముదురు ఆకుపచ్చగా ఉంటుంది. చౌడు నేలల్లో పచ్చిరొట్ట ఎరువుగా తంగేడాకు తొక్కించడం రైతులకు కొత్త కాదు. నల్లరేగడి ఉన్నవాళ్లు మాత్రం గుంత తవ్వకుండా, మొరం కలిపిన మట్టితో అడుగు ఎత్తు, మూడడుగుల వెడల్పు దిబ్బ పోసి దాని మీద నాటాలి.

గుంత పూడ్చేటప్పుడు తవ్విన మట్టిలో ఐదు కిలోల మాగిన ఎరువు, పావుకిలో వేపపిండి కలిపితే జీవితకాలానికి దాదాపు సరిపోతుంది. యూరియా అసలు వద్దు. నత్రజని ఎక్కువైతే కొమ్మలు లేతగా, పొడుగ్గా సాగుతాయి, పూత ఆలస్యమవుతుంది, పేనుబంక పడుతుంది. కాయజాతి మొక్క కాబట్టి కందిలాగా వేరు బుడిపెలతో నత్రజని అదే సంపాదించుకుంటుందని కొందరు అనుకుంటారు. తంగేడుకు ఆ బుడిపెలు రావు. బీద నేలలో బతకడం దాని అలవాటు, అంతే. పొదకూ పొదకూ నాలుగైదు అడుగులు వదలండి. కంచెలా పెంచాలంటే మూడడుగులు చాలు. గోడకు మూడడుగుల ఎడం ఉండాలి, పక్కకు కూడా అంత మేర విస్తరిస్తుంది.

ఇక నీళ్లు. నాటిన మొదటి నెల వాన లేకపోతే రోజు విడిచి రోజు ఒక చెంబెడు. తరువాత వారానికి ఒక బకెట్. మొదటి వేసవిలో వారానికి రెండు బకెట్లు, అదీ ఒకేసారి. రోజూ కొంచెం కొంచెం పోస్తే వేర్లు పైపైనే ఉండిపోతాయి. రెండో ఏడు నుంచి మే నెలలో పదిహేను రోజులకోసారి పోస్తే ఆకు నిలుస్తుంది. పోయకపోయినా చావదు, ఆకు రాల్చి వాన కోసం చూస్తుంది. సాయంత్రం ఆకులు ముడుచుకోవడం చూసి దాహంతో ఉందనుకుని పోసేవాళ్లున్నారు. తంగేడు రోజూ పొద్దుగూకితే ఆకులు ముడుస్తుంది, పొద్దున మళ్లీ విప్పుతుంది. పది గంటల ఎండలో కూడా ముడుచుకునే ఉంటేనే నీటి కరువు అని లెక్క. మట్టి తడిగా ఉండి కూడా కింది ఆకులు పసుపెక్కుతుంటే వేరు కుళ్లుతోందని అర్థం. నేలకు ఆనిన చోట బెరడును గోటితో గీకి చూడండి. ఆకుపచ్చగా ఉంటే నీళ్లు ఆపి పాదు చదును చేస్తే కోలుకుంటుంది. గోధుమరంగులో మెత్తగా ఉంటే ఆ మొక్క మీద ఆశ వదులుకుని కొత్త గింజ వేసుకోవడమే.

అన్నిటికన్నా ముఖ్యమైన పని కత్తిరింపు. చాలామంది దీన్ని చేయరు, లేదా తప్పు కాలంలో చేస్తారు. తంగేడు పూలు కొత్త కొమ్మల చివర గుత్తులుగా వస్తాయి. కొమ్మలు ఎన్ని చీలితే గుత్తులు అన్ని. నాటిన మొక్క ఒకటిన్నర అడుగులకు రాగానే చివర గిల్లేయండి. రెండో ఏడు నుంచి తొలకరి పడగానే ప్రతి కొమ్మనూ మూడో వంతు కోయాలి. కోసిన చోట వచ్చిన చిగుళ్లు సాగి మొగ్గ తొడగడానికి వానను, ఎండను బట్టి రెండు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. అందుకే తేదీని కాదు, పెత్రమాసను చూసి వెనక్కి లెక్కపెట్టుకోవాలి. పెత్రమాస ఒక్కో ఏడు సెప్టెంబరులోనే వస్తుంది, అధికమాసం పడిన ఏడు అక్టోబరు నడిమికి జరుగుతుంది. పండుగకు పది పదకొండు వారాల ముందు చివరి కోత అయిపోవాలి. ఆపైన కత్తెర పట్టుకుంటే కోసేది మొగ్గలనే. నాలుగు పొదలున్నవాళ్లు రెండింటిని ఒకసారి, మిగతా రెండింటిని పదిహేను రోజులు ఆగి కోస్తే బతుకమ్మ మొదటి రోజు ఎంగిలిపూల నుంచి చివరి రోజు సద్దుల దాకా ఏదో ఒకటి పూతలో ఉంటుంది. మూడు నాలుగేళ్లకోసారి పొద మొదలు బోసిగా, పైన గొడుగులా తయారవుతుంది. అప్పుడు తొలకరికి అడుగున్నర ఎత్తులో మొత్తం నరికేయండి, భయం అక్కర్లేదు. ఒకప్పుడు తోళ్లు పదును చేయడానికి తంగేడు బెరడు కోసం ఇలా నరికి, చిగురించాక మళ్లీ నరికేవారు.

పూలు కోసేది తెల్లవారుజామున. పూర్తిగా విచ్చిన గుత్తి కాకుండా, కింద నాలుగైదు విచ్చి పైన మొగ్గలున్న గుత్తిని కత్తెరతో జానెడు కాడతో కోసి, వెంటనే కాడలు నీళ్ల బకెట్లో పెట్టి, పైన తడి బట్ట కప్పాలి. సాయంత్రం పేర్చే వేళకు మొగ్గలూ విచ్చుకుంటాయి. ఫ్రిజ్‌లో పెడితే రేకులు నల్లబడతాయి. జానెడు కన్నా కిందికి కోయకండి, తరువాతి గుత్తులు ఆ కొమ్మ పక్కచిగుళ్ల నుంచే రావాలి. నాలుగేళ్ల పొదలు నాలుగు ఉంటే ఒక మోస్తరు బతుకమ్మకు తంగేడు వరుసలు నిండుతాయని నా అంచనా. బతుకమ్మలో పేర్చే మరో పువ్వు గునుగు సంగతి వేరు, దానికి చేలగట్లే దిక్కు.

పురుగుల గురించి ఒక మాట. వానకాలంలో లేత ఆకుల మీద ఆకుపచ్చ గొంగళిపురుగులు, పక్కన తెల్లటి గీతతో కనిపిస్తాయి. లేత పసుపు, తెలుపు రంగుల సీతాకోకచిలుకలు తంగేడు మీద, దాని చుట్టాల మీదే గుడ్లు పెడతాయి. ఆ గొంగళిపురుగులు వాటి పిల్లలు. పొద సగం గీసినట్టు తినేసినా మూడు వారాల్లో చిగురిస్తుంది కాబట్టి మందు కొట్టకండి. చిన్న మొక్క అయితే చేత్తో ఏరి పెద్ద పొద మీద వేయండి. పేనుబంకను గట్టి నీటిధారతో కడగొచ్చు. పిండినల్లి పడితే లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బుద్రావణం కలిపి సాయంత్రం పూట, ఆకు అడుగున పడేలా వారం తేడాతో రెండుసార్లు చల్లాలి. పూత మీద మాత్రం ఏదీ చల్లొద్దు. తంగేడు పువ్వులో తేనె ఉండదు, పుప్పొడే ఉంటుంది. అది కూడా కేసరాల కొసన ఉన్న చిన్న రంధ్రాల్లోంచే రాలుతుంది. నల్ల తుమ్మెద పువ్వును పట్టుకుని ఝుమ్మని ఒళ్లు అదిలిస్తేనే బయటపడుతుంది. పొద్దున్నే పొద దగ్గర నిలబడితే ఆ చప్పుడు ఆగి ఆగి వినిపిస్తుంది.

డాబా మీద పెంచాలనుకునేవాళ్లకు పద్దెనిమిది అంగుళాల లోతున్న డ్రమ్ము కావాలి, పన్నెండు అంగుళాల కుండీలో పెట్టి ఆశపడొద్దు. అడుగున నాలుగు రంధ్రాలు, రెండంగుళాల కంకర, పైన చెప్పిన మట్టి. వేసవిలో వారానికి మూడుసార్లు నీళ్లు. ఎత్తును నాలుగడుగుల దగ్గర ఆపుతూ పోతే బతుకుతుంది, కానీ నేలలో పూసినంత పూయదు.

తంగేడుకు తోడుగా మొండిగా బతికి పచ్చగా పూసేవి ఇంకొన్ని నాటుకోవచ్చు. ముళ్ల గోరింట వానకాలంలో కొమ్మ గుచ్చితే వేరుపోసుకుంటుంది, కంచెగా బాగుంటుంది. పచ్చ చామంతిని ఏటా కొని, పూశాక పారేస్తున్నాం గానీ అది ఏళ్ల తరబడి బతికేదే. పూత అయ్యాక నాలుగు అంగుళాలు వదిలి కోసి, వేసవిలో కాస్త నీడ ఇచ్చి, తొలకరికి పిలకలు విడదీసి అడుగుకొకటి నాటాలి. ఆగస్టు చివరి దాకా కొసలు గిల్లి, ఆపైన వదిలేయాలి. చామంతి గుబురుగా పెరిగీ పూయకపోతే దాని నెత్తిన వీధిదీపం ఉందేమో చూడండి. రాత్రి పొడుగైతేనే అది మొగ్గ తొడుగుతుంది, దీపం వెలుగులో దానికి రాత్రే పడదు. కుండీని ఇంటి వెనక్కి మారిస్తే చాలు. పచ్చగన్నేరు మాత్రం పిల్లలున్న ఇంట్లో వద్దే వద్దు. దాని ప్రతి భాగమూ విషమే, గింజ మరీ. గుండెను దెబ్బతీస్తుంది. నేలంతా పాకే వెడేలియాను కూడా కొనకండి, ఒకసారి పెరటి హద్దు దాటితే కాలువ గట్లన్నీ అదే అవుతుంది.

తంగేడు పూల టీ తాగితే ఫలానా జబ్బు పోతుందని ఫోన్లలో తిరిగే సందేశాల జోలికి నేను పోను. నేల తంగేడు, తంగేడు ఒకటే అనుకుని ఆకు కషాయం కాచేవాళ్లకు మాత్రం ఒక హెచ్చరిక. నేల తంగేడు అంటే సునాముఖి, అది విరేచనాల మందు.

చివరగా, నర్సరీలు నడిపే అధికారులకు, పంచాయతీలకు ఒక విన్నపం. ఏటా నింపే సంచుల్లో పదో వంతైనా తంగేడు వేయండి. దానికి వేరే పద్దు అక్కర్లేదు. సంక్రాంతి దాటాక ఊరి గుట్ట మీద కాయలు కోయించాలి, మార్చి రెండో వారంలో వేడినీళ్ల పద్ధతిలో విత్తాలి, జూన్ నడుమ మొక్క జానెడు ఎత్తున ఉండగానే పంచాలి. ఏప్రిల్ దాటాక విత్తితే పంచే వేళకు మొక్క చేతికి రాదు, జనవరిలోనే విత్తితే వేరు చుట్టుకుంటుంది. కోసేటప్పుడు ప్రతి పొద మీదా సగం కాయలు వదలాలి, ఆ గుట్టకూ విత్తనం కావాలి కదా.

ఇట్లు,
ఒక పాఠకుడు,
వరంగల్